నలభై మందికి పచ్చి కూరలు

మా పాంట్రీ అక్క తొమ్మిదేళ్లపాటు ఒక ప్రకృతి వైద్య ఆశ్రమంలో వంట చేసిందని నేను చెప్పిన సమయానికి, ఆవిడ నా పక్కనే నిలబడి టీ కప్పులు తుడుస్తోంది. చేతిలోంచి కప్పు జారి పడలేదు, అంతవరకు అదృష్టం. ఆ ఆశ్రమంలో పొయ్యి అనేదే లేదనీ, లోపలికి వెళ్లేవాళ్ల అగ్గిపెట్టెలు గేటు దగ్గరే తీసేసుకుంటారనీ, అక్కడి పెద్దాయన ముప్పై ఏళ్లుగా ముల్లంగి తప్ప ఇంకోటి ముట్టలేదనీ, తొంభై ఏళ్ల వయసులో రోడ్డు అవతల పోతున్న బస్సు మీది బోర్డు కళ్లద్దాల్లేకుండా చదివేవాడనీ కూడా చెప్పాను. ఇవేవీ ముందుగా అనుకుని వెళ్లినవి కావు. మొదటిది చెప్పగానే రెండోది దాని వెనకే వచ్చి నిలబడింది. మూడోదాన్ని అదే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఇదంతా విన్నది మా ఫ్లోరుకు కొత్తగా వచ్చిన మేడం. మాది మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ, తొమ్మిదో అంతస్తు. అక్కడ అడ్మిన్ డెస్కులో నేను పదహారేళ్లుగా ఉన్నాను. కుర్చీ విరిగినా, ఏసీ కారినా, ఎవరి పుట్టినరోజు కేకు మీదో పేరు తప్పు పడినా అందరూ నా దగ్గరికే వస్తారు. కొత్త మేడం బెంగళూరు నుంచి మా ఫ్లోరంతటికీ పై అధికారిగా వచ్చింది. ముప్పై మూడేళ్లుంటాయేమో. పొయ్యి ఎక్కినదేదీ తినదు. పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టదు. మధ్యాహ్నం మేమందరం డబ్బాలు తెరిచి గోంగూర వాసన ఫ్లోరంతా నింపుతుంటే, ఆవిడ క్యాబిన్‌లో ఒక గాజు గిన్నె ముందు కూర్చుని కీరదోస ముక్కలు నములుతూ ఉంటుంది. చూస్తే జాలేసేది. వచ్చిన నెలకే, పాంట్రీలో ఒక పక్కన పచ్చి కూరగాయల సలాడ్ బల్ల పెట్టిస్తే బాగుంటుంది, కానీ అది తెలిసిన మనిషి దొరకాలి కదా అంది. అప్పుడే నేను నోరు తెరిచాను.

తెరవడానికి కారణం ఉంది. అంతకు ముందు వారమే పాంట్రీలోకి పెద్ద టీ మెషీన్ వచ్చింది. ఒక బటన్ నొక్కితే అల్లం టీ, ఇంకోటి నొక్కితే కాఫీ. ఇక టీ పెట్టే మనిషి ఎందుకని, నెల తిరిగేసరికి అక్కను శంషాబాద్ అవతల ఏదో కొత్త సైటుకు మార్చేస్తామని కాంట్రాక్టు సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు. అక్క ఉండేది బోరబండలో. హైటెక్ సిటీ స్టేషన్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే. ఇంట్లో అత్తగారున్నారు. రెండేళ్ల కిందట ఆవిడకు చూపు పోయింది. అప్పటి నుంచి కోడలి చేతి ముద్ద తప్ప ఇంకెవరి ముద్దా నోట పెట్టుకోదు. కన్నకొడుకు కలిపి పెట్టినా మొహం తిప్పేసుకుంటుంది. అక్క పొద్దున ఆరింటికి తినిపించి వస్తుంది, సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి ఐదు లోపల మళ్లీ ఆ మంచం దగ్గర ఉంటుంది. శంషాబాద్ అవతలికి మారితే ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అంతదాకా ఆ ముసలావిడ పొద్దుటి ముద్ద మీద నోరు మూసుకుని కూర్చుంటుంది. ఈ సంగతి అక్క నాకు కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పలేదు. సింకు రుద్దుతూ, పీచు చేతిలో ఉండగానే చెప్పింది. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

కొత్త మేడం నా ఆశ్రమం కథంతా విని, అక్క వైపు ఎంతో గౌరవంగా చూసింది. వచ్చే శుక్రవారం నలభై మందికి చేయించి చూద్దాం, బాగుంటే బల్ల ఈవిడకే అప్పగిద్దాం, మెషీన్ ఉన్నా ఈవిడ ఇక్కడే ఉంటారని తనే సూపర్‌వైజర్‌తో మాట్లాడతానంది. ఒక్కటే షరతు. నిప్పు తగలకూడదు, పాలకు సంబంధించినదేదీ కలవకూడదు. ఆ మాట చెప్పి వెళ్లిపోయింది.

అక్క తుడిచిన కప్పునే మళ్లీ రెండుసార్లు తుడిచింది. తర్వాత నింపాదిగా అడిగింది.

"మేడం, గా ఆశ్రమం ఏడుంటదో జర నాకు గూడ చెప్పుండ్రి. రేపు ఎవలన్న అడిగితే తొవ్వ చెప్పాలె గద."

మూసాపేటలో మా ఇంటి వంటగదిలో మూడు సాయంత్రాలు కసరత్తు చేయాలని నిర్ణయించాం. సోమ, మంగళ, బుధ. అక్క నాలుగింటికి దిగి బోరబండలో అత్తగారికి తినిపించి, అక్కడి నుంచి ఆటోలో మా ఇంటికి వచ్చేది. మా గడప దాటగానే నన్ను మేడం అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది. ఆఫీసు మొత్తం ఆవిడను అక్కా అంటుంది కనుక నేనూ అక్కా అనేదాన్ని. అలా ఇద్దరం ఒకరినొకరు అక్కా అని పిలుచుకుంటూ, ఎవరు పెద్దో తేల్చుకోకుండా కూరగాయల మీద పడ్డాం.

అసలు చలికాలం హైదరాబాద్‌లో కూరగాయలు చూడాలంటే రైతు బజారుకే వెళ్లాలి. మంచు తడి ఇంకా ఆరని మెంతికూర కట్టలు, ఎర్రగా పొడుగ్గా ఉండే ఢిల్లీ క్యారెట్లు, చంటిపిల్ల చేతుల్లా తెల్లగా ముల్లంగి, గోనెసంచి మీద కుప్పపోసిన పచ్చి బఠాణీ, బుట్టలో ఉసిరికాయలు, ఆకులు పీకేసిన నూల్‌కోల్ గడ్డలు. ఆ నూల్‌కోల్ మా కృష్ణా జిల్లాలో నా చిన్నప్పుడు చూసిన గుర్తు లేదు. ఇక్కడికొచ్చాకే దానితో పరిచయం. అక్క మాత్రం ప్రతిదాన్నీ చేత్తో పట్టుకుని మాట్లాడించినట్టే ఏరింది. ముల్లంగిని గోటితో గిచ్చి చూసేది. బఠాణీ కాయ విప్పి గింజ నోట్లో వేసుకుని, తియ్యగా ఉంటేనే సంచి చాపేది. కాలీఫ్లవర్ దగ్గర బాగా ఆలస్యం చేసింది. రెమ్మలు విడదీసి లోపలికి తొంగి చూస్తుంటే ఏమిటని అడిగాను.

"పురుగు గిట్ల వచ్చిందనుకో, మీ మేడం నోము పాయె," అంది.

ఇంత తెలిసిన మనిషికి పచ్చికూరలు తినడమంటే మాత్రం నమ్మకం లేదు. పచ్చివి గొడ్లకు పెడతారు, మనుషులకు ఉడికించి పెడతారు, ఇందులో కొత్తగా నేర్చుకునేదేముందని వాదన. ఉల్లిపాయ, కీరదోస వరకే పచ్చిగా ఒప్పుకుంటానంది.

మొదటి సాయంత్రం నేనే గురువును. ఫోన్లో చూసి నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాను. క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్ తురిమి, నానబెట్టిన పచ్చి పల్లీలు కలిపి, ఉప్పు చల్లి, బాగా పట్టాలని గంటసేపు మూత పెట్టాను. మూత తీసేసరికి గిన్నెలో సగం నీళ్లు. ఉప్పు తగిలిన క్యాబేజీ తనలో ఉన్నదంతా కక్కేసి, నానిన గుడ్డలా పడి ఉంది. ముల్లంగి వాసనకు హాల్లో పేపరు చదువుతున్న మా ఆయన లేచి కిటికీ తెరిచారు. అయినా పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఆయన తూర్పుగోదావరి మనిషి, ఎంత కోపమొచ్చినా మర్యాద వదలరు.

"ఇది తినడానికేనండీ, లేక కాళ్లు పెట్టుకోవడానికా?" అని అడిగారు.

రెండో సాయంత్రం బీట్‌రూట్ వేశాను. అందరికీ తెలిసిన తప్పే, కానీ తెలిసే చేశాను, రంగు బాగుంటుందని. పావుగంటలో క్యారెట్, నూల్‌కోల్, కాలీఫ్లవర్, మా ఇద్దరి చేతులూ ఒకే రంగులోకి వచ్చాయి. పైగా మెంతికూర ముదురుది వేయడంతో చేదు నాలుక చివర నుంచి చెవుల దాకా పాకింది. అక్క ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగాక, గిన్నె పక్కకు జరిపి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అప్పుడు చెప్పింది. పెళ్లికి ముందు వాళ్ల ఊళ్లో వేరే వాళ్ల తోటల్లో కూలికి వెళ్లేదట. ముల్లంగి పీకే రోజుల్లో ఆకలేస్తే గట్టు మీద కూర్చుని, ముల్లంగి కడిగి, ఉప్పూ కారం అద్దుకుని కరకర నమిలేవాళ్లట. లేత మెంతి చిగుళ్లు, బఠాణీ, ఉల్లికాడ, ఏది దొరికితే అది. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే నోరంతా తియ్యగా అయ్యేదట. అదే కదా మనకు కావలసింది అన్నాను. అదా, అది వంటెట్లయితది, అది ఆకలి కదా అంది. రేపు గురువు ఆవిడేనని తేల్చేశాను.

మూడో సాయంత్రం కత్తిపీట ఆవిడ చేతుల్లోకి వెళ్లింది. నేను పక్కన కూర్చుని కొబ్బరి తురమడం వరకే. ముల్లంగిని కాగితం లాగా పల్చగా తరిగి చల్లటి నీళ్లలో వేసింది, ఘాటు దిగడానికి. మెంతికూరలో చివరి చిగురు నాలుగాకులే గిల్లి తీసుకుంది. కాలీఫ్లవర్‌ను ఉప్పునీళ్లలో ముంచి తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, బియ్యపు నూకలాగా తురిమింది. నూల్‌కోల్ పై తొక్క మందంగా చెక్కేసి, లోపలి లేత భాగాన్ని అగ్గిపుల్లల్లా కోసింది. క్యారెట్ మాత్రం తురమలేదు, పంటికి తగలాలని చక్రాలుగా తరిగింది. బీట్‌రూట్‌ను వేరే గిన్నెలో నిమ్మరసం పిండి విడిగా కూర్చోబెట్టింది, వడ్డించే ముందు పైన చల్లడానికి. పొద్దున నానేసిన పచ్చి పల్లీలు, నువ్వులు, ఉసిరికాయ ముక్కలు, అల్లం, పచ్చిమిరపకాయ, కొబ్బరి కలిపి రోట్లో మెత్తగా నూరింది. మిక్సీ వద్దంది, వేడెక్కుతదని. ఆ నియమం నేను చెప్పలేదు, ఆవిడే ఆలోచించింది. ఉప్పు ఆఖరి నిమిషంలో.

ఆ గిన్నె ముందు ముగ్గురం నిలబడే తిన్నాం. కరకర తప్ప ఇంట్లో వేరే శబ్దం లేదు. ముద్ద ముద్దకీ ఒక కొత్త రుచి తగిలేది. బఠాణీ తీపి, మెంతి చిరుచేదు, ఉసిరి పులుపు, చివర్లో మిరపకాయ వచ్చి పలకరించడం. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. ఇంకేముంది, శుక్రవారం మనదే అనుకున్నాను.

శుక్రవారం అక్క మొదటి రైలుకే వచ్చేసింది. పాంట్రీలో కూర్చుని నలభై మందికి తరిగింది. నేను మధ్యమధ్యలో వెళ్లి చూస్తున్నాను. పదకొండున్నరకు అన్నీ సిద్ధం. పెద్ద స్టీలు బేసిన్‌లో ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పొరలు పొరలుగా ఉన్నాయి. నూరిన పచ్చడి విడిగా ఉంది. పన్నెండున్నరకు కలపాలి, ఒంటిగంటకు వడ్డించాలి. ఇంతలో రిసెప్షన్‌లో ఎవరో ఎనిమిది మంది బయటి వాళ్లు వచ్చారనీ, వాళ్ల పాసులు ప్రింటు కావడం లేదనీ కబురొస్తే కిందికి పరిగెత్తాను. ప్రింటర్‌తో కుస్తీ పట్టి పైకి వచ్చేసరికి పన్నెండు నలభై.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే వాసన వచ్చింది. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. ఏ తెలుగు మనిషికైనా ఆకలి రేపే వాసన. నేను మాత్రం పాంట్రీ వైపు పరుగు తీశాను.

పాంట్రీలోకి వెళ్లేసరికి, పాలు కాచే కరెంటు పొయ్యి మీది గిన్నెను అక్క అప్పుడే బేసిన్ మీద వంచేసింది. చుంయ్‌మన్న శబ్దం ఇంకా ఆరలేదు. క్యారెట్ల మీద ఆవాలు చిటపటలాడుతున్నాయి.

"అక్కా, ఇదేం పని?"

ఆవిడ నా మొహం చూసి, అప్పుడు తన చేతిలోని గిన్నె చూసుకుంది. నిజంగానే అప్పటిదాకా తెలియలేదు ఆవిడకు, ఏం చేసిందో. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించి చెప్పింది. మొన్న మా ఇంట్లో ముగ్గురమే కనుక ఏమీ అనిపించలేదట. ఇవాళ ఇంత పెద్ద బేసిన్‌లో, ఇంతమందికి కలుపుతుంటే మనసు ఒప్పలేదట.

"మా దిక్కు చావైన ఇంట్ల పది దినాలు పోపు పెట్టరు, అక్కా. పోపు లేని గిన్నె పది మంది నడుమల పెడితే గదే యాదికొస్తది. నలభై మంది పిల్లలు. నడిచి తిరుగుతున్న పిల్లలు. నా చేతులు ఊకోలే."

ఇంకేం అనగలం? ఇరవై నిమిషాలుంది. మళ్లీ కొనడానికి టైం లేదు, తరగడానికి చేతులు లేవు. ఇద్దరం చెరో చెంచా పట్టుకుని ఆవాలు ఏరడం మొదలుపెట్టాం. నలభై మంది సలాడ్‌లోంచి ఆవాలు ఏరడం ఎలాంటి పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. కరివేపాకు, ఎండుమిర్చి దొరికాయి. ఆవాలు మాత్రం నూనెతో కలిసి క్యారెట్ చక్రాలకు పుట్టుమచ్చల్లా అంటుకున్నాయి. ఐదు నిమిషాలకు వదిలేశాం. అప్పటికే వరస కట్టారు.

కొత్త మేడం ముందుగా పళ్లెం పట్టుకుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచి ఇంకో చెంచా తీసుకుంది. అడగకుండానే మళ్లీ వడ్డించుకుంది. వెనక ఉన్న కుర్రకారు సరేసరి. ఇంటి భోజనం గుర్తొస్తోందని ఒకమ్మాయి అంది. ఎందుకు గుర్తొస్తోందో మా ఇద్దరికే తెలుసు.

"ఈ వాసన ఏమిటండీ? చాలా బాగుంది. వేయించినట్టుంది," అని అడిగింది మేడం, నా వైపు తిరిగి.

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆశ్రమం మేడ మీద నల్లరాతి పలక ఉంటుందనీ, మే నెల ఎండలో దాని మీద ఆవాలు పోస్తే మధ్యాహ్నానికి వాటంతట అవే చిటపట పేలుతాయనీ, పేలినవి ఎగిరి పక్క మేడ మీద పడకుండా ఇద్దరు శిష్యులు దుప్పటి పట్టుకుని నిలబడతారనీ, సూర్యుడు పేల్చినది గనుక అది నిప్పు కింద రాదని పెద్దాయన తీర్పు చెప్పాడనీ అన్నాను. వరసలో ఉన్నవాళ్లు పళ్లేలు పట్టుకుని వింటూ నవ్వుతున్నారు. మేడం కూడా చిరునవ్వుతో వింటోంది. నేను దుప్పటి రంగు చెప్పబోతున్నాను.

"మేడం, గది ఎండ కాదు," అంది అక్క.

గరిటె బేసిన్ పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నేనే పొయ్యి మీద పోపు పెట్టిన. నూనె గూడ పోసిన. ఆశ్రమం గిట్ల ఏం లేదు. నేను చాయ్ పెట్టేదాన్ని, గంతే."

ఎవరూ నవ్వలేదు. మేడం పళ్లెం నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. కోపంగా అరిచినా బాగుండేది.

"మూడేళ్లుగా నేను ఒక్క రోజు కూడా తప్పలేదండీ," అంది నాతో, చాలా చిన్నగా. క్యాబిన్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మిగిలినవాళ్లు పావుగంటలో బేసిన్ ఖాళీ చేశారు. అక్క దాన్ని కడిగి బోర్లించి, నాలుగింటికి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. లిఫ్టు దగ్గర, అబద్ధం చెప్పి తానెప్పుడూ ఎవరికీ ముద్ద పెట్టలేదని నాతో అని లోపలికి అడుగు పెట్టింది.

ఐదింటికి నేను క్యాబిన్ తలుపు తట్టాను. జరిగినదంతా చెప్పాను. ఆశ్రమం నాదనీ, అక్కకు దాంతో సంబంధం లేదనీ, టీ మెషీన్ సంగతి, శంషాబాద్ సంగతి, చూపు లేని అత్తగారు, కోడలి చేతి ముద్ద తప్ప తినకపోవడం, అన్నీ. ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. జీవితంలో అంత చప్పగా నేనెప్పుడూ ఏదీ చెప్పి ఉండను. మేడం వింటూ పెన్ను మూత తీసింది, పెట్టింది.

"ఈ అత్తగారు కూడా ఆశ్రమంలో పెద్దాయన లాంటివారేనా అండీ?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నా ఆశ్రమం పుణ్యమా అని, బోరబండలో మంచం మీద నోరు మూసుకుని కూర్చున్న నిజమైన మనిషి కూడా కథైపోయింది. ఒట్టు పెట్టుకుంటే ఇంకా అనుమానం పెరుగుతుంది. సోమవారం మీరే అక్కను పిలిచి అడగండి, నేను పక్కన ఉన్నా నోరు విప్పను అన్నాను. మేడం నన్ను చూసిన చూపులో, అది మీ వల్ల అవుతుందా అన్న ప్రశ్న ఉంది.

శని, ఆదివారాలు నాకు అన్నం సహించలేదు. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తింది గానీ, అత్తకు తినిపిస్తున్న అని పెట్టేసింది.

సోమవారం పొద్దున మేడం తనే పాంట్రీలోకి వచ్చింది. చేతిలో సంచి. తనే కొనుక్కొచ్చింది ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, బఠాణీ. మొదట అక్కను అడిగింది, పోపు ఎందుకు పెట్టారని. అక్క చావింటి సంగతి చెప్పింది. ఇంట్లో ఎవరున్నారని అడిగింది. అక్క అత్తమ్మ సంగతి చెప్పింది, సింకు రుద్దుతూ చెప్పినట్టే, రెండు ముక్కల్లో. నేను ఫ్రిజ్ పక్కన పెదాలు బిగించుకుని నిలబడ్డాను. మేడం నా వైపు ఒకసారి చూసి, మళ్లీ అక్క వైపు తిరిగింది.

"నా ముందు చేయండి. పొయ్యి లేకుండా. నాకొక్కదానికే," అంది.

అక్క చేసింది. ముల్లంగి నీళ్లలో వేసింది, బఠాణీ ఒలిచింది, నిమ్మకాయ పిండింది. అంతా కలిపాక ఆగిపోయింది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఇవ్వడం లేదు. మేడం చేయి చాపి ఉంది.

"పోపు లేకుండ ఇస్తున్న. మీరు నవ్వుకుంట తినాలె, మేడం. చావింట్ల ఎవలు నవ్వరు. మీరు నవ్వితే ఇది చావింటి గిన్నె కాదని నాకు ధైర్యమొస్తది."

నవ్వమంటే ఎవరికి నవ్వొస్తుంది? మేడం ప్రయత్నించింది, మొహం ఎటూ కాకుండా పోయింది. గిన్నె అందుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నా నవ్వు రాలేదు. అక్క నా వైపు తిరిగింది.

"అక్కా, ఒకటి చెప్పు. ఏదన్న చెప్పు."

మాట్లాడనని మాటిచ్చిన మనిషిని. పైగా మొదటిసారి నా బుర్రలో ఒక్క కథ కూడా లేదు. ఆశ్రమం లేదు, పెద్దాయన లేడు. ఉన్నది ఒక్కటే, ముందు రోజు ఆదివారం జరిగినది. అదే చెప్పాను. మా ఆయన మా మొదటి రెండు సాయంత్రాల సలాడ్‌ను తిన్నట్టు నటించి, నేను అటు తిరగగానే బాల్కనీలో మల్లె కుండీలో పాతిపెట్టేశారు. నిన్న నీళ్లు పోద్దామని వెళ్తే కుండీ నిండా పల్లీ మొలకలు. ఇదేమిటండీ అని నిలదీస్తే, మల్లెచెట్టు కాన్పయిందండీ అన్నారు.

మేడం ఫక్కున నవ్వింది. నోట్లో ముల్లంగి ఉండగానే నవ్వింది. మీ అబద్ధాలు ఎక్కడి నుంచి వస్తాయండీ, అంది కళ్లు తుడుచుకుంటూ. ఇది నిజమేనండీ అంటే ఇంకా నవ్వింది. నేను ఫోన్లో మొలకల ఫోటో ఉందని చూపించబోయాను. ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్క గిన్నెలో మిగిలిన నాలుగు ముక్కలు తను నోట్లో వేసుకుని నమిలింది, నిదానంగా, తోటగట్టు మీద కూర్చున్నట్టు.

పదకొండింటికి మేడం సూపర్‌వైజర్‌ను పిలిపించింది. అక్క తొమ్మిదో అంతస్తులోనే ఉంటుంది, పొద్దున ఏడు నుంచి నాలుగింటి వరకు, బల్ల బాధ్యత ఆవిడదే అని చెప్పింది. నాకు కూడా ఒక పని అప్పగించారు. రోజూ ఒంటిగంట నుంచి అరగంట, బల్ల పక్కన నిలబడి తినేవాళ్లను నవ్వించాలి. అది అక్క పెట్టిన షరతు. ఆ అరగంటలో ఏం చెప్పినా తను పట్టించుకోనని, మిగిలిన ఏడున్నర గంటలు మాత్రం నిజాలే చెప్పాలని మేడం కలిపింది.

సాయంత్రం నాలుగింటికి అక్క ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. నేను బల్ల మీద చెయ్యి ఆనించి, ముల్లంగి తిన్న పెద్దాయన శిష్యుల గురించి ఇద్దరు కుర్రాళ్లకు చెబుతున్నాను. అది ఒంటిగంట కాదని ఆవిడ గడియారం వైపు చూపించింది. నేను నోరు మూసుకున్నాను. అప్పటికి ఆవిడ లిఫ్టు ఎక్కేసింది, రైలుకు ఇంకా పావుగంట ఉంది.